ఓటు లేని వాళ్ళ జాబితా

మా ఊళ్ళో ఎన్నికలయ్యాక ఎవరి బోర్డులు వాళ్ళే పీకేసుకోవాలి. ఇళ్ళ ముందు గడ్డిలో ఇనప తీగ కాళ్ళతో గుచ్చే ఆ చిన్న బోర్డుల్ని లాన్ సైన్లంటారు. ఫలితాలొచ్చిన కొద్ది రోజుల్లో అవన్నీ తీసెయ్యాలని టౌన్ రూలు. గెలిచినా ఓడినా ఒకటే రూలు. కాకపోతే గెలిచినవాళ్ళకి పీకడానికి మనుషులొస్తారు. నాకు మా ఆయన ఒక్కడే వచ్చాడు, అదీ కారు దిగకుండా.

టొరంటోకి పడమటి వైపు ఊరు మాది. ఆ ఏడు నేను మా వార్డు కౌన్సిలర్ పదవికి నిలబడి ఓడిపోయాను. అయ్యో, కొంచెంలో పోయిందే అని చెప్పుకునేంత తక్కువ తేడా కాదు, మనకెందుకొచ్చిన గొడవ అని వదిలేసేంత ఎక్కువ తేడా కూడా కాదు. రెండో స్థానం. ఊరడించడానికి ఫోన్ చేసినవాళ్ళంతా ఆ రెండో స్థానాన్ని ఏదో బహుమతిలా నా చేతిలో పెట్టి వెళ్ళారు.

నిజానికి నేను నిలబడింది ఒక బస్సు కోసం. మా పేట మీదుగా వెళ్ళే బస్సుకి మధ్యాహ్నం ట్రిప్పులూ ఆదివారం ట్రిప్పులూ తీసేద్దామని టౌన్ వాళ్ళు ప్రతిపాదన పెట్టారు, ఎక్కేవాళ్ళు తక్కువని. రెండు కార్లున్న ఇళ్ళలో వాళ్ళకి ఆ బస్సు నడుస్తున్నట్టే తెలియదు. తెలిసింది కాలేజీ పిల్లలకి, మనవల్ని చూసుకోవడానికొచ్చిన పెద్దవాళ్ళకి, షిఫ్టు పనులకెళ్ళే ఆడవాళ్ళకి. వాళ్ళ తరఫున ఎవరూ మాట్లాడరేమని మా ఇంట్లో వంద సార్లు అరిచాను. నూట ఒకటోసారి అరిచినప్పుడు మా ఆయన, "అయితే నువ్వే నిలబడు, మా చెవులు మిగుల్తాయి" అన్నాడు. నిలబడ్డాను.

ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇతరులు రాసినదాంట్లో తప్పులు పట్టడం మీదే ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నాను. అందుకని ప్రచారం కూడా అదే పద్ధతిలో చేశాను. ఎక్సెల్‌లో ఒక జాబితా. వీధి, ఇంటి నంబరు, ఇంట్లో పెద్దవాళ్ళు ఎంతమంది, మనకి వేస్తారా వెయ్యరా. మన తెలుగువాళ్ళిళ్ళలో "మా ఓట్లన్నీ మీకే అక్కా" అనని ఇల్లు లేదు. ఒక బేస్‌మెంటులో ఆరుగురు ఆడపిల్లలుండేవారు, అందరూ కాలేజీలో చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసుకునేవాళ్ళు. ఉప్మా పెట్టి మరీ మాటిచ్చారు. ఆ ఇంటికెదురుగా ఆరు అని రాసుకుని, ఆకుపచ్చ రంగు వేశాను.

ఓడిన రెండో రోజు సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద ఆ జాబితా పరిచి, ఏ వీధిలో ఎవరు మాట తప్పారో వెతకడం మొదలుపెట్టాను. నాకు ముక్కు మీదే కోపం. ఒక్కో పేరు చదువుతూ పళ్ళు నూరుకుంటున్నాను. యూనివర్సిటీలో చదివే మా అమ్మాయి వెనకనించి వంగి చూసి, ఎప్పటిలాగే ఇంగ్లీషులో అంది.

"అమ్మా, హాఫ్ ఆఫ్ దెమ్ కాన్ట్ ఈవెన్ వోట్."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత వరసగా చూశాను. ఆరుగురు ఆడపిల్లలూ స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు. ఆ పక్కింటి దంపతులు పీఆర్ కోసం, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతి కోసం, ఎదురుచూస్తున్నారు. ఆ పై వీధిలో నలుగురున్న ఇంట్లో ఇద్దరు విజిటర్లు, ఇద్దరికి పీఆర్ వచ్చి ఏడాదయింది. ఇక్కడ మున్సిపల్ ఎన్నికల్లోనైనా సరే సిటిజన్ అయితేనే ఓటు. ఈ సంగతి నాకు తెలియకపోవడమేమిటి? సిటిజన్‌షిప్ వచ్చాక నా మొదటి ఓటుకి చీర కట్టుకుని వెళ్ళిన మనిషిని నేను. కానీ నా జాబితాలో ఆ ప్రశ్నకి గడే లేదు.

ఎందుకు పెట్టలేదో అప్పుడే తెలిసింది. మేమొచ్చిన కొత్తలో ఏ పుట్టినరోజు పార్టీకెళ్ళినా "పీఆర్ వచ్చిందా, ఇంకా రాలేదా?" అని అడిగేవారు. ప్లేటు పట్టుకుని నిలబడి జవాబు చెప్పడానికి ప్రాణం చచ్చిపోయేది. నేను మాత్రం ఎవర్నీ ఆ మాట అడగకూడదని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు నిలబెట్టుకుంటూ వార్డంతా తిరిగాను. దానికితోడు విజయవాడలో పెరిగినదాన్ని. ఇంట్లో ఎంతమంది పెద్దవాళ్ళుంటే అన్ని ఓట్లని లెక్కవేసుకోవడం చిన్నప్పటినించీ చూశాను. అదే లెక్క ఇక్కడా వేశాను. ఎవరూ నన్ను మోసం చెయ్యలేదు. ఓటు లేని వాళ్ళ జాబితా తయారుచేసుకుని దానికి ఆకుపచ్చ రంగు వేసుకున్నది నేను.

సిగ్గుతో చచ్చాను. ఏడ్చాను కూడా. మా ఆయన టీ పెట్టి తెచ్చి పక్కన కూర్చున్నాడు. పోన్లే పాపం అని వదిలేశాడనుకున్నాను గానీ వారం తర్వాత దాన్ని అందరికీ నవ్వుతూ చెప్పాడు.

ఈలోగా మన వాళ్ళ వాట్సాప్ గ్రూపు హోరెత్తిపోతోంది. మనవాళ్ళలోనే ఎవరో అవతలాయనకి వేశారట. ఫలానా అంకుల్ తన లాన్‌లో రెండు బోర్డులూ పెట్టించుకున్నాడట. ఆదివారం ఒకరింట్లో అందరం కలిసి ఓటమి మీద సమీక్ష పెట్టుకుందాం, బిర్యానీ ఆర్డరిద్దాం, నాలుగేళ్ళ తర్వాత ఎన్నికకి ఇప్పటినించే కమిటీ వేసుకుందాం అని ఒకటే మెసేజీలు. నిజం చెప్పొద్దూ, నాకూ వెళ్ళాలనిపించింది. మనకి అన్యాయం జరిగిందని పదిమంది చుట్టూ కూర్చుని అంటుంటే వినడం హాయిగానే ఉంటుంది.

ఆ శనివారం పొద్దున వానలో బోర్డులు పీకుతూ ఒక ఆంటీ ఇంటికెళ్ళాను. ఆవిడది నల్గొండ. కొడుకు స్పాన్సర్ చేస్తే భార్యాభర్తలిద్దరూ పీఆర్ మీద వచ్చారు. కొన్నాళ్ళకి అంకుల్‌కి పక్షవాతం వచ్చింది. ఇంట్లో చూసుకోవడం కుదరక కేర్ హోమ్‌లో చేర్చారు. ఆయనకి మాట పోయింది. అక్కడి నర్సులు ఎంత బతిమాలినా నోరు తెరవరు. ఆవిడ రోజూ పదకొండున్నరకి బస్సెక్కి వెళ్ళి, పప్పన్నం మెత్తగా కలిపి పెడితేనే తింటారు. కొడుకూ కోడలూ పొద్దున వెళ్తే సాయంత్రానికి గాని రారు. ఆదివారాలూ డ్యూటీలుంటాయి. ఆవిడకి డ్రైవింగ్ రాదు. నేను ఏ బస్సు కోసం ఎన్నికల్లో నిలబడ్డానో ఆ బస్సే.

నేను గడ్డిలో వంగి బోర్డు లాగుతుంటే ఆవిడ చీర మీద పెద్ద జాకెట్టు తొడుక్కుని బయటికొచ్చింది.

"ఓడిపోయినవట గద బిడ్డా?"

"అవునాంటీ."

"నా ఓటు నీకే అంటి. నాకు ఓటే లేదట, నా కొడుకు మొన్న చెప్పిండు. నాకెర్కలేదు బిడ్డా. నీకు అబద్ధం చెప్పినట్టాయె."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నా తల తీసేసినట్టయింది. తప్పు నాదేనాంటీ అన్నాను. ఆవిడ ఆ మాట పట్టించుకోకుండా అసలు సంగతికొచ్చింది.

"మరి బస్సు సంగతేంది? బందు జేసిన్రా?"

"ఇంకా లేదాంటీ. డిసెంబర్లో కొత్త కౌన్సిల్లో ఓటు పెడతారు."

"గండ్ల గూడ ఓడిపోయినమా?"

"అది ఇంకా అవ్వలేదు."

"ఇంకా గాలేదా?" ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "గట్లయితే ఈ రేకులు పీక్కుంట తిరుగుతున్నవేంది?"

నాకు ఒళ్ళు మండింది. వానలో తడుస్తున్నది నేను, ఓడింది నేను, పైగా మాటలు పడాలా? విసురుగా కారెక్కి తలుపు వేసుకున్నాను. రెండు సిగ్నళ్ళు దాటేసరికి కోపం ఆవిడ మీదనించి నా మీదకి మళ్ళింది. ఎన్నికైపోయి వారం కూడా కాలేదు, ఆ వారంలో బస్సు అనే మాట నా నోట ఒక్కసారి రాలేదు. ఎవరు వేశారు, ఎవరు వెయ్యలేదు, అంతే. బస్సుకి నా ఓటమితో ఏం పని? అది రోజూ పదకొండున్నరకి వస్తూనే ఉంది.

సమీక్షకి రానని గ్రూపులో రాశాను. సమీక్ష తర్వాత, ముందు బస్సు అన్నాను. కొంతమంది అలిగారు.

సోమవారం టౌన్ హాల్‌కి ఫోన్ చేశాను. కౌన్సిల్ మీటింగులో ఊళ్ళోవాళ్ళు పేరు నమోదు చేసుకుని మాట్లాడొచ్చని తెలుసు. డెలిగేషన్ అంటారు దాన్ని. ఫోనెత్తినావిడని అడిగాను, మాట్లాడేవాళ్ళు సిటిజన్లే అయ్యుండాలా అని. ఆవిడకి నా ప్రశ్న వింతగా ఉన్నట్టుంది. పేరు, ఏ విషయం మీద మాట్లాడతారో చెప్తే చాలట. ఇంగ్లీషు రాకపోతే? అనువదించే మనిషిని వెంట తెచ్చుకోవచ్చట.

ఫోన్ పెట్టేసి జాబితా తెరిచాను. రంగులన్నీ చెరిపేశాను. ఆకుపచ్చ వేసిన అదే ఇళ్ళకి మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టాను. ఈసారి ఓటు అడగలేదు. డిసెంబర్లో ఒక సాయంత్రం వచ్చి, మీరు ఎక్కే బస్సు గురించి మీరే చెప్తారా అని అడిగాను. చాలామంది భయపడ్డారు. మా కాగితాలకి ఏమన్నా ఇబ్బందవుతుందేమో అక్కా అన్నారు. అవ్వదని ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పాను. నాకు ఓపికుందని నాకే కొత్తగా తెలిసింది. పదకొండు మంది పేర్లిచ్చారు.

ఇంకొక్క ఫోన్ మిగిలింది. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి ఆ రోజే ఫోన్ చేసి అభినందించడం ఇక్కడి మర్యాద. నేను చెయ్యలేదు. ఇప్పుడు ఆయన ఓటు కావాలి. మూడుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. నాలుగోసారి మా ఆయన పక్కన నిలబడి, "ఆంటీ ఎదురుగా ఉంటే ఏమనేది?" అన్నాడు. మోగనిచ్చాను.

నన్ను ఓడించినాయన రిటైరైన హైస్కూల్ టీచరు. ఆలస్యంగా చెప్తున్నానని, అభినందనలని అన్నాను. మీ ఫోన్ కోసం చూశానన్నాడాయన, ఎత్తిపొడుపు లేకుండా. బస్సు సంగతి ఎత్తాను. ఖర్చు తగ్గిస్తానని చెప్పి గెలిచాను కదా, మాటిచ్చేశాను అన్నాడు. "మీ మాట మార్చుకోమనడం లేదు, ఒక్కరోజు పదకొండున్నరకి బస్సెక్కండి" అన్నాను. చూస్తానన్నాడు. ఎక్కాడో లేదో నాకు చెప్పలేదు.

మీటింగు రోజు మంచు పడింది. పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. ఆడపిల్లలు ఆరుగురూ యూనిఫాం చొక్కాల్లోనే, షిఫ్టునించి నేరుగా వచ్చారు. నేను మాట్లాడలేదు. మళ్ళీ ఎన్నికల గొడవలా అనిపిస్తుందని వెనక వరసలో కూర్చున్నాను. నోరు కట్టేసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్ళకి తెలుసు.

చివర్న ఆంటీ లేచింది. పక్కన మా అమ్మాయి. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్పే పిల్ల, ఆవిడ తెలుగుని విని ఇంగ్లీషులో పెట్టడానికి ఒప్పుకుంది. వారం రోజులు ఇద్దరూ కూర్చుని సాధన చేశారు. కానీ మైకు ముందుకెళ్ళాక ఆంటీ సాధన చేసినదంతా వదిలేసింది.

"నాకు ఓటు లేదు. నేను మిమ్ముల గెలిపియ్యలే, ఓడగొట్టలే. నేను రోజు పదకొండున్నర బస్సెక్కుత. మా ఆయన పన్నెండింటికి నోరు తెరుస్తడు. నేను పోకుంటే తెర్వడు. గంతే."

మా అమ్మాయి ఏ మాటా కలపకుండా, ఏ మాటా తీసెయ్యకుండా అలాగే చెప్పింది. ఆవిడకి పది నిమిషాలిచ్చారు, ఒక్క నిమిషం కూడా వాడుకోలేదు. నేను వెనక కూర్చుని ఏడుస్తున్నాను. జాబితా ముందు ఏడ్చిన ఏడుపు కాదది.

ఓటింగుకి ముందు నన్ను ఓడించినాయన లేచి ప్రతిపాదన మార్చాడు. వారంలో ఆరు రోజులు మధ్యాహ్నం ట్రిప్పులు ఉంచుదాం, ఆదివారాలు మాత్రం తీసేద్దాం అన్నాడు. అది నెగ్గింది. బయట మంచులో ఆడపిల్లలు గంతులేశారు. ఆయన నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. నేనూ కలిపాను, గట్టిగానే.

మర్నాడు సెలవు పెట్టి ఆంటీతోపాటు పదకొండున్నర బస్సెక్కాను. ఇన్నాళ్ళూ ఆ బస్సు కోసం అరిచానే గానీ అందులో కూర్చోవడం అదే మొదటిసారి. మొత్తం నలుగురం ఉన్నాం. కేర్ హోమ్‌లో అంకుల్ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నారు. ఆంటీ చేతులు కడుక్కుని, డబ్బా మూత తీసి, పప్పన్నం వేళ్ళతో మెత్తగా నలిపి ముద్ద చేసింది. ముద్ద దగ్గరికి రాగానే ఆయన నోరు తెరిచారు.

"మనం గెలిచాం కదాంటీ" అన్నాను.

ఆవిడ ఆయన మూతి తుడిచి, ఇంకో ముద్ద కలుపుతూ నావైపు చూడకుండానే అడిగింది.

"ఆదివారం ఈయన తినడా ఏంది?"

నేను ఫోన్ తీశాను. జనవరి మీటింగుకి పేర్లు నమోదు చెయ్యడం అప్పుడే మొదలైంది. ముందు ఆవిడ పేరు రాశాను.