లోపలి నుంచి తెరుచుకునే తలుపు

2011 అక్టోబరు 4, మంగళవారం, ఉదయం తొమ్మిదింబావు. అప్పుడు నేను చాండ్లర్ అనే ఊళ్ళో ఒక క్లినిక్‌లో ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి ఎంత ఉందో కొలిచేదాన్ని. ముప్ఫై ఏళ్ళ మాజీ సైనికుడొకడు వచ్చాడు. అసలు పేరు రాయను, మార్క్ అనుకోండి. ఆరేళ్ళ కూతురు మాట్లాడుతుంటే పెదాలు కదలడమే తప్ప మాట తెలియడం లేదట. ఆ మాట వినాలని వచ్చాడు.

"నా గొంతొక్కటే నీకు వినపడదంటుంది మా ఆవిడ," అన్నాడు.

"మా ఆయనకీ అదే జబ్బు. ఏ మెషీన్‌కీ దొరకలేదు," అన్నాను. నవ్వాడు.

పరీక్ష సౌండ్ బూత్‌లో చేస్తాం. బయటి చప్పుడు చొరబడని చిన్న గది అది. పేషెంట్ లోపల కూర్చుని, బీప్ వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. నేను తలుపు వేయబోతే మార్క్ లేచి నిలబడ్డాడు. తెరిచే ఉంచమన్నాడు. ఏసీ చప్పుడు కలిస్తే లెక్క తప్పుతుందన్నాను. తలుపు తెరిచి ఉంచి నేను అప్పటిదాకా ఒక్క పరీక్షా చేయలేదు. అతని నుదుటి మీద చెమట చూసి, యుద్ధంలో శత్రువులకి పట్టుబడ్డారా అని అడిగాను.

"లేదు మేడమ్. నేను తలుపు బయట ఉండేవాణ్ణి."

ఆక్రమించిన దేశంలో సైన్యం నడిపే జైల్లో కాపలా అతని పని. ఖైదీలను ప్రశ్నించే ముందు రోజుల తరబడి నిద్రపోనివ్వకూడదని ఆర్డర్. చీకటి గదిలో గొలుసులతో నిలబెట్టి, పెద్ద స్పీకర్లలో ఒకే పాట వేసేవారట. కాపలావాళ్ళకి ఇయర్ ప్లగ్స్ ఇచ్చారు. మార్క్ వాటిని తీసేసేవాడు.

ఎందుకని అడిగాను.

"అరుపులు ఆగాయంటే నిద్రపోయారని. వెళ్ళి లేపాలి. అది వినడానికి తీసేవాణ్ణి." నుదురు తుడుచుకున్నాడు. "బతికున్నారో లేదో వినడానికి కూడా అనుకుంటాను. ఇప్పుడు నాకే తెలియడం లేదు."

నాకూ తెలియలేదు. జాలిపడాలో, బయటికి పొమ్మనాలో తేలక, చేతికి తెలిసిన పని చేశాను. బూత్ లోపలి హ్యాండిల్ చూపించాను. అతను తలుపు వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకున్నాడు.

"వాళ్ళ గదికి ఇది లేదు," అన్నాడు. తర్వాత లోపల కూర్చుని తనే తలుపు వేసుకున్నాడు.

ఆడియోగ్రామ్, అంటే వినికిడి గ్రాఫ్, వచ్చింది. పై స్వరాలు, అంటే సన్నని శబ్దాలు వినే శక్తి, బాగా దెబ్బతిన్నాయి. చిన్నపిల్లల మాటల్లో చాలా భాగం అక్కడే ఉంటుంది. హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుంటే పాప మాట అందుతుందని చెప్పాను. అతను గ్రాఫ్ మీంచి చూపు తిప్పలేదు.

"నేను గోడకి ఇవతల. వాళ్ళు స్పీకర్ పక్కన. వాళ్ళకి ఎంత పోయి ఉంటుంది?"

దూరం సగమైతే చప్పుడు సుమారు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, గోడ ఇంత ఆపుతుంది అంటూ మనసులో లెక్క మొదలైపోయింది. మధ్యలో ఆపేశాను. పరీక్షించకుండా చెప్పలేనన్నాను.

"వాళ్ళని ఎవరూ పరీక్షించరు మేడమ్."

హియరింగ్ ఎయిడ్స్ తెప్పించి ఫోన్ చేశాను. వస్తానన్నాడు, రాలేదు. రెండోసారి ఫోన్ ఎత్తలేదు. పెట్టె కంపెనీకి తిరిగి వెళ్ళింది. తనకి తానే శిక్ష వేసుకున్నాడో, ఆ పాట ఇంకా గట్టిగా వినిపిస్తుందని భయపడ్డాడో, ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ పాప మాత్రం ఎవరినీ ఏమీ చేయలేదు.

రిటైరయ్యేదాకా, తలుపు వేసే ముందు ప్రతి పేషెంట్‌కీ లోపలి హ్యాండిల్ చూపించాను. తలుపుకి ఎటువైపు ఉండి వచ్చారని మాత్రం మళ్ళీ ఎవరినీ అడగలేదు. ఈ కేసు నాకు నేర్పింది అంతే.

పోయినవి: మార్క్ కుడిచెవిలో, పై స్వరాల దగ్గర, యాభై అయిదు డెసిబెల్స్. ఎడమచెవిలో అరవై అయిదు. పాప మాటల్లో సగం. ఆ చీకటి గదిలో ఉన్నవాళ్ళవి, ఎవరూ కొలవలేదు.