మిరుగం నాటి చేపల బోర్డు

సిద్దిపేటలో జహీరుద్దీన్ రాసిన బోర్డులు చదవకముందే నవ్వించేవి. దర్జీ దుకాణం పేరు రాస్తే దీర్ఘం దారమై చివరి అక్షరాన్ని గుండీలా కుట్టేసేది. సైకిల్ షాపు పేరులో సున్నా దొరికితే అది చక్రమైపోయేది.

భార్య ఆబిదా పోయాక ఆ సరదా ఆగిపోయింది. ఏ బోర్డయినా ముందు ఆమెకే చూపించేవాడు. ఆమె నవ్వకపోతే కిరోసిన్ గుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఇప్పుడు ఏది నవ్విస్తుందో, ఏది నవ్వించదో అతనికే అంతుపట్టడం లేదు. ఏడాదిగా నిలువునా నిలబడ్డ ప్రాణం లేని అక్షరాలు రాస్తున్నాడు. గజ్వేల్ కూరగాయల మార్కెట్లో దుకాణమున్న బావమరిది, వచ్చి గల్లా మీద కూర్చోమని కబురు మీద కబురు పెడుతున్నాడు. ఇంకొక్క బోర్డు రాసి చూద్దాం, అదీ ఇట్లాగే ఉంటే కుంచెలు పక్కన పడేసి పోదాం అనుకున్నాడు జహీరుద్దీన్.

ఆ బోర్డు జానీ పాషాది. ఫోటోలకు అద్దాలు కట్టే జానీ, అద్దం కోయడం తెలిసినవాడు గనుక తొట్లు తనే చేసి, హైదరాబాద్ నుంచి రంగు చేపలు తెచ్చి, అక్వేరియం దుకాణం పెడుతున్నాడు.

"భాయ్, నాకు నీ పాత చెయ్యి గావాలె. సీదా రాస్తే తీస్కోను" అన్నాడు.

జహీరుద్దీన్ రేకు మీద సుద్దతో 'చేపలు' అని రాసి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చూడగా చూడగా 'ప' నీళ్లగిన్నెలా కనబడింది. దాన్ని అంటకుండా పైన నిలిచే తలకట్టును నీళ్లలోంచి ఎగిరిన చేపగా మార్చాడు. 'లు' కొమ్ము తోకై ఊగింది. 'చే' పొట్టలో ఒక కన్ను తెరుచుకుంది. బాగుందో లేదో మాత్రం తెలియలేదు. అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మిరుగం నాడు ఊరంతా బజార్లోనే ఉంటుందని జానీ ఆ రోజే దుకాణం తెరిచాడు. మృగశిర కార్తె మొదలైన ఆ రోజు జనం బజారుకొచ్చేదే వండుకు తినే చేపల కోసమని అతనికి తట్టలేదు. పొద్దెక్కేసరికి సంచులతో, గిన్నెలతో మనుషులు దుకాణం ముందు వరస కట్టారు. అందరికంటే ముందు చంద్లాపూర్ లచ్చవ్వ ఉంది.

"ఏందయ్యా గీ చిన్నచిన్నయి? కిలోకు ఎన్ని తూగుతయి?"

"అవ్వా, ఇవి తినేటివి గావు. ఇంట్ల పెట్టుకొని సూసేటివి" అన్నాడు జానీ.

"సూసుకుంట కూసుంటే కడుపు నిండుతదా? మిరుగం నాడు పరాచికాలా?"

ఆమె వెనకున్న భూపతి గొంతు పెంచాడు. "బోర్డు మీదేమో గంతంత చేపలు, లోపలేమో చిటికెన యేలంత! ఎవడు రాసిండు గీ బోర్డు?"

బోర్డు కట్టి పక్కనే రంగు డబ్బాలు సర్దుకుంటున్న జహీరుద్దీన్ ముఖం మాడిపోయింది. తన బోర్డు నవ్వించకపోగా జనాన్ని మోసం చేసిందనిపించింది. "తప్పు నాదే జానీ, దించేస్త" అంటూ స్టూలెక్కి ఒక పక్క తీగ విప్పాడు. గజ్వేల్ బస్సు ఎన్నింటికుందో మనసులో వెతుక్కుంటున్నాడు.

"ఆగు బిడ్డా" అంది లచ్చవ్వ తల పైకెత్తి. "గా గిన్నెలకెళ్లి దుంకే చేపను జర సూడనియ్యి."

"గది గిన్నె గాదే, 'ప'!" అన్నాడు భూపతి. అని, తనూ చూశాడు. "అరె వారీ! గిన్నెనే గదా!"

"నీ 'ప' సంగతి నాకెర్క లేదు గని, మిరుగమని మన సంచులు సూసి తప్పిచ్చుకపోతున్నట్టుంది పాపం!"

వరస మొత్తం ఘొల్లుమంది. వెనకవాళ్లు ముందుకు తోసుకొచ్చి చూశారు. ఒకడు 'లు' తోకను కనిపెట్టాడు, ఇంకొకడు 'చే' కన్నును. చేపలు దొరకలేదన్న మాటే ఎవరికీ గుర్తు లేదు. జానీ కూడా కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

స్టూలు మీద నిలబడే జహీరుద్దీన్ ఆ నవ్వులన్నీ విన్నాడు. విప్పిన తీగ మళ్లీ కట్టేసి, రంగు డబ్బా అందుకున్నాడు. ఎగిరే చేప వెనకాలే సంచి చాపి పరుగెత్తే ముసలమ్మ ఒకతి రేకు మీదికి వచ్చింది. ఇది నవ్విస్తుందని కుంచె ఆనకముందే అతనికి తెలిసిపోయింది.

"నన్నే దించినవా? ముక్కుపుల్ల మరిసినవ్!" అంది లచ్చవ్వ కింది నుంచి.

"ఎటు పక్క అవ్వా?" అని అడిగాడు జహీరుద్దీన్, కుంచెను పసుపు రంగులో ముంచుతూ.