ఇంటిపేరు అడిగాక

తొంభైల్లో ఒక మధ్యాహ్నం సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కాను. దేశం నుంచి వెళ్లగొట్టిన ఒక రష్యన్ తత్వవేత్త జీవితకథ చదువుకుంటున్నాను. నా సీటులోనే ఒక రైసుమిల్లు యజమాని, మిర్యాలగూడకు కొత్తగా బదిలీ అయిన ఒక టీచరు కూర్చున్నారు. టీచరుకు కిరాయికి గది కావాలి. యజమాని మేడ మీద గది ఖాళీగా ఉంది. మాట దాదాపు కుదిరింది.

"ఇంతకీ మీ ఇంటిపేరేంది సారూ?" అన్నాడు యజమాని.

మన దగ్గర అది పలకరింపు కాదు, కులం వాకబు. టీచరు తల దించుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను.

"ఈ పుస్తకం దేశం నుంచి వెళ్లగొట్టిన ఒక రష్యా ఆయనది. ఆయన ఇంటిపేరుకు ఫలానావాడి కొడుకు అనే అర్థం. అందులో వెతికినా కులం దొరకదు."

"రష్యా ముచ్చట మనకెందుకు?" యజమాని నవ్వాడు. "సెప్పు సారూ."

"మాది తండా. బడిల సారు మా నాయన పేరే ఇంటిపేరని రాసిండు."

నవ్వు ఆగింది. "అరె, ఆ గదిల మా బామ్మర్ది దిగుతనన్నడు. మర్చేపోయిన," అంటూ యజమాని కిటికీ వైపు తిరిగాడు.

"సిగ్గు లేదా?" అని నేను లేచాను. టీచరు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఆ రష్యా ఆయన్ని ఎందుకు ఎల్లగొట్టిన్రు సార్?"

"సర్కారుకు నచ్చనివి రాసినందుకు."

"నయం సార్. ఆయన్ని ఉన్న ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిన్రు. నేనింకా గడపే తొక్కలే."