బాబాయి అరగదీసిన పనిముట్లు

ఎదురు ఫ్లాట్ బాబాయి పోయారు. శుక్రవారం పొద్దున్నే పిన్ని మా తలుపు కొట్టి, "ఒక్కసారి రండి బాబూ, ఆయన లేవట్లేదండీ" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు.

కోనసీమ నుంచి ఈ గల్ఫ్‌కొచ్చిన మనిషి. షర్క్‌లో ఓ ఆఫీసులో లెక్కలు చూసేవారు. సాల్మియాలోని ఆయన హాల్లో సగం బొమ్మ రైళ్లదే. పెద్ద చెక్క మీద వంతెన, స్టేషను, పట్టాలు, వేలెడంత ఇంజన్లు. వాటికి కావలసిన పనిముట్లు మాత్రం కొనేవారు కాదు. నేను షువైఖ్‌లో మెకానిక్‌ని. విరిగిన రంపం బ్లేడ్లు పారెయ్యొద్దని నాకు పదేపదే గుర్తు చేసేవారు. వాటిని అరగదీసి సన్నటి చాకులు చేసేవారు. బట్టల క్లిప్పుల మొనలు చెక్కితే, అతికించిన ముక్క ఆరేదాకా పట్టి ఉంచే బిగింపులయ్యేవి. పాత కిటికీ అల్యూమినియం ముక్కకు రెండు గాట్లు పెట్టి, పట్టాల మధ్య ఎడం సరిచూసే కొలత చేశారు.

"ఏంటికి బాబాయ్ ఇన్ని అగచాట్లు? ఆన్‌లైన్‌లో దొరుకుతాయి గదా!" అన్నాను ఓసారి.

"నా చెయ్యి వణుకుతుందండీ. కొన్నదానికి ఆ సంగతెలా తెలుస్తుంది?" అని నవ్వారు.

నేను ఆకురాయిని అటూ ఇటూ రుద్దేస్తుంటే ఆయన ఊరుకునేవారు కాదు. "తోసేటప్పుడే కోస్తుందండీ. వెనక్కొచ్చేటప్పుడు కాస్త ఎత్తండి, దానికీ ఊపిరాడాలి కదా!" ఇప్పటికీ గ్యారేజీలో ఆకురాయి అలాగే పడుతున్నాను.

ఏది చేసినా ఇంకోటి చేసి, ఆ రైళ్ల సరదా ఉన్న స్నేహితుల్లో ఎవరికో ఇచ్చేవారు. సెలవు రోజున వాళ్లు వచ్చి, పిన్ని పోసిన పెసరట్లు తిని, పనిముట్టు జేబులో వేసుకుని వెళ్లేవారు.

వాళ్లలో ఒక్కరూ మార్చురీకి రాలేదు. కంపెనీ కాగితాల పని చూసే మందూబ్, నేను, అంతే. పిన్ని ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, బాబాయి ఇఖామా మీదే ఉంది. ఆయన పోయాక ఆమెకిక్కడ చోటు లేదు. శవపేటిక వెళ్లిన విమానంలోనే వెళ్లిపోయింది. తాళం నా చేతిలో పెడుతూ, "అవన్నీ ఆయన స్నేహితులకే ఇచ్చెయ్యండి బాబూ. వాటి విలువ వాళ్లకే తెలుస్తుంది" అంది.

ఫోన్ చేశాను. చావుకు దొరకని తీరిక అప్పుడు దొరికింది. మర్నాడే వచ్చి ఇంజన్లు, రైలు పెట్టెలు పంచుకున్నారు. నేను పనిముట్ల డబ్బా ముందుకు జరిపాను.

"ఆ తుక్కు మాకెందుకండీ?" అన్నాడు వాళ్లలోని తెలుగాయన, ఇంజనుకు కాగితం చుడుతూ.

"చేసిచ్చే మనిషి పోయినాడు సారూ. రేపు కావాల్సొస్తే ఎవరు చేసిస్తారు?"

"కొనుక్కుంటాం లెండి." డబ్బా నా దగ్గరే ఉండిపోయింది.

ఇది రాస్తుంటే బాబాయి మీద ప్రేమ కన్నా వాళ్ల మీద కోపమే ముందుకొస్తోంది. ఆయనకది నచ్చదు. అయినా పోవడం లేదు.

ఆ వారంలోనే కంపెనీ ఫ్లాట్ ఖాళీ చేయించింది. రైళ్ల చెక్క లిఫ్టులో పట్టలేదు. "ఖలాస్, యల్లా" అని మందూబ్ తొందరపెడితే కూలీలు దాన్ని రెండుగా కోసి కిందికి మోశారు. సాయంత్రం దుమ్ముగాలి లేచింది. చెత్తకుండీ పక్కన సగం స్టేషను పడి ఉంది. పట్టాల మీద ఇసుక పేరుకుంటోంది. ప్లాట్‌ఫారం మీద అడ్డంగా ఓ వీధిపిల్లి ముడుచుకుని పడుకుంది.