చాపల కింద క్రోటన్లు

రోజూ టీ తాగకముందే బహియ్యా ఒక క్రోటన్ ఆకును తిప్పి అడుగు చూసేది. పురుగు కోసం అనేది గానీ, ఆ చలికాలమంతా ఆమె వెతికింది ఎరుపు కోసం.

ఈజిప్టులోని కనాతిర్‌లో హాజీ అతీయా నర్సరీలో ఎండాకాలం నీడ కోసం షెడ్డు ప్లాస్టిక్ పైకప్పు మీద ఖర్జూరపాకుల చాపలు పరుస్తారు. చలి మొదలవగానే తీసేస్తారు. ఆ ఏడు మోకాళ్ల నొప్పితో నిచ్చెన ఎక్కలేక, ఉంటే వెచ్చగానే ఉంటుందిలెమ్మని అక్కడ పనిచేసే బహియ్యా వాటిని వదిలేసింది. మొక్కలు సన్నగా సాగాయి. ఎరుపూ పసుపూ పోయి ఆకులన్నీ ఒట్టి పచ్చగా మిగిలాయి.

"వసంత పండక్కి రంగు రాకపోతే ఈ షెడ్డులో మొలోఖియా చల్లేస్తాను," అన్నాడు హాజీ.

మొలోఖియా ఆకుకూర. రోజంతా గొంతుకూర్చుని కోయాలి. ఆ మోకాళ్లతో అది తన వల్ల కాదని బహియ్యాకు తెలుసు.

మొక్కలకు ఆకలేస్తోందనుకుంది. పావురాల గూళ్ల నుంచి పెంట బుట్టలకెత్తి మోసుకొచ్చి కుండీలకు వేసింది. కొన్నాళ్లకు ఆకుల అంచులు మాడాయి. ఇంకా చాలలేదేమోనని మళ్లీ వేసింది.

అప్పుడే తోడికోడలు నఈమా వచ్చింది.

"ఏంటక్కా, వీటికి పెళ్లి విందా?"

"నవ్వుకో. నడుము విరిగేలా మోసింది నేను."

"ముందు పైకి చూడు. ఈ చీకట్లో మా బావగారే నీకు కనపడరు."

"కనపడకపోతేనే నయం."

"పొయ్యి వెలిగించకుండా బియ్యం పోస్తూ ఉంటే అన్నం అవుతుందా? వెలుతురు ఏదీ వీటికి?"

బహియ్యా బుట్ట దింపి, దాని మీదే కూలబడింది. తలెత్తి పైనున్న చాపల వైపు చూసింది.

నఈమానే నిచ్చెన ఎక్కింది. లేత ఆకులు ఒక్కసారిగా కమిలిపోకుండా చాపలు కొన్ని కొన్నిగా తీసింది. ప్లాస్టిక్ మీద పేరుకున్న దుమ్ము కడిగింది. కింద బహియ్యా కుండీల్లోంచి ఎరువు ఘాటు పోయేదాకా నీళ్లు వదిలింది.

పాత ఆకులు మారలేదు. కొత్త చిగుళ్లు మాత్రం ఎర్రగా వచ్చాయి. అప్పటికి పండుగ రానే వచ్చింది.

హాజీ ఒక కుండీ ఎత్తి చూశాడు.

"కిందంతా పచ్చ, కొసన చిటికెడు ఎరుపు. ఎవరు కొంటారమ్మా?"

"ఒక్క నెల ఆగండి, హాజీ. పైనంతా రంగొస్తుంది."

"విత్తనాలు నానబోసేశాను."

 కుండీలు బయటికి మోయడంలో బహియ్యా కూడా ఓ చెయ్యి వేసింది.

ఇప్పుడు బహియ్యా ఆ షెడ్డులోనే, బోర్లించిన పెట్టె మీద కూర్చుని, దాన్ని కొంచెం కొంచెంగా ముందుకు జరుపుకుంటూ మొలోఖియా కోస్తోంది.