తిప్పమ్మ చెప్పిన పొద్దు

పల్లెటూరి మనిషి అబద్ధం ఆడదని నమ్మేవాళ్లు ఒక రకం. చదువురాని మనిషి సాక్ష్యం చెల్లదనేవాళ్లు ఇంకో రకం. బలసముద్రం తిప్పమ్మ ఈ ఇద్దరికీ కొరుకుడు పడలేదు. ఆమె అబద్ధం ఆడలేదు, కానీ తప్పు చెప్పింది. చెప్పింది తప్పని తానే మళ్లీ కోర్టుకు వెళ్లి చెప్పింది. మన టీ అంగళ్ల న్యాయశాస్త్రంలో ఇలాంటి సాక్షికి చోటు లేదు.

తిప్పమ్మకు యాభై దాటాయి. నలభై గొర్రెలున్నాయి. పొలాలు సోలార్ పార్కులోకి పోయాక కంచె వెంబడి మేపుకుంటోంది. గడియారం చూడటం రాదు, ఆ అవసరమూ పడలేదు. ఒకప్పుడు తన నీడను తానే అడుగులేసి కొలిచి పొద్దు చెప్పేది. సోలార్ వచ్చాక ఆ శ్రమా తప్పింది. ఆమె మేపే వైపు పలకలు సూర్యుడి వెంట తిరిగే రకం. పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమటికి ముఖం పెడతాయి, నడిమధ్యాహ్నం వెల్లకిలా పడుకుంటాయి. "పలకలు పడుకున్నాయి" అంటే గొర్రెలవాళ్లందరికీ మధ్యాహ్నమే. మబ్బు పట్టినా ఆగని గడియారం మరి.

ఆమె తమ్ముడు ఓబులేశ్ అక్కడే ఒక ప్లాంటులో కాపలా ఉండేవాడు. ఒక ఆషాఢంలో కంచె పక్క వంకలో తల పగిలి చచ్చి పడి ఉన్నాడు. పగలు పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు తేల్చాడు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకునేవాళ్లని ఊరికంతా తెలుసు. ఆ రోజు అతని భార్య సవితను వంక దగ్గర చూసింది తిప్పమ్మ ఒక్కతే. ఎప్పుడని అడిగితే, "మబ్బేసుండె. పలకలు పడుకొనుండె. మద్యాన్నం" అంది.

సవిత మొత్తుకుంది. పొద్దున ఎనిమిదికి మొగుడికి సద్ది ఇచ్చి, అటునుంచి అటే అక్క ఊరు నిడుగల్లుకు పోయి, మధ్యాహ్నం అక్క చేలో శనక్కాయ విత్తనం వేస్తున్నానంది. అక్క చెప్పింది సొంత మనిషి మాట అని పక్కన పెట్టారు. తిప్పమ్మా సొంత మనిషే కదా అని ఎవరికీ తట్టలేదు. సవిత తరఫు లాయరు తిప్పమ్మను రెండే ప్రశ్నలడిగి కూర్చున్నాడు. యావజ్జీవం పడింది.

ఓబులేశ్ పోయిన రెండేళ్లకు మళ్లీ ఆషాఢం. ఆకాశం తేటగా ఉంది, గాలి మాత్రం మనిషిని తోసేస్తోంది. పొద్దు ఇంకా తూర్పునే ఉంది. పలకలు పడుకున్నాయి. తిప్పమ్మ కంచె లోపల పనిచేసే నందీశ్‌ను పిలిచింది.

"ఏందప్పా నందీశా, పొద్దు ఇంకా ఆడే ఉండాది, మీ పలకలు అప్పుడే పండుకున్నాయి?"

"గాలికి విరిగిపోతాయని పండబెడతామక్కా. గాలి తగ్గితే వాటికవే లేస్తాయి."

"ఎప్పట్నుంచి ఈ పద్ధతి?"

"మొదట్నుంచీ."

ఆ పూట గొర్రెలను సగం కడుపుతోనే ఇంటికి తోలింది. మర్నాడు నిడుగల్లుకు పోయి సవిత అక్కను వెంటబెట్టుకొని లాయరు దగ్గరికి వెళ్లింది. ఆయన అప్పీలు వేశాడు. సాక్షిని సరిగా ప్రశ్నించే అవకాశం నిందితురాలికి దక్కలేదని పైకోర్టు కేసును మళ్లీ విచారించమంది.

అప్పుడు మొదలైంది అసలు విచారణ, ఫోన్లలో. చంపిందా లేదా అని ఓట్లు పెట్టారు. తిప్పమ్మను ఏ పార్టీ వాళ్లు కొన్నారని వాదించుకున్నారు. ఆడదానికి ఆడదే తోడని ఒకడు మెచ్చుకున్నాడు, అది తిట్టుకంటే హీనం. తిప్పమ్మ అన్న దొడ్డన్న గడప దగ్గరే నిలబడి అడిగాడు. "తమ్మునికంటే ఆ యమ్మి ఎక్కువైందా నీకు?" టీ అంగట్లో ఇంకొకడు, "యాళెంతైంది తిప్పమ్మక్కా? పైకోర్టును అడిగి చెప్పు" అన్నాడు. "నీ టీ సల్లారే యాళ. తాగప్పా" అని ఆమె తన దారిన పోయింది.

కోర్టులో సర్కారు లాయరు చాలా ధీమాగా లేచాడు. "అప్పుడు మధ్యాహ్నం అన్నావు, ఇప్పుడు పొద్దున అంటున్నావు. ఏది అబద్ధం?"

"అబద్దం ఏదీ లేదు సామీ. చూసింది మార్చలే. పొద్దు మార్చినా."

"నిన్నెట్లా నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దు. నా పాత కాగితం సదవండి."

చదివారు. మొదటిసారి చెప్పిన వాంగ్మూలంలోనే ఒక వాక్యం ఉంది. సవిత పోయిన కాసేపటికి పలకలు గర్రుమని తూర్పుకు లేచాయి, గొర్రెలు బెదిరి చెదిరాయి. ముసలామె గొర్రెల సోది అనుకొని ఎవరూ దాని జోలికి పోలేదు. అది పలికిన తిప్పమ్మే దాని అర్థం చూసుకోలేదు.

"మద్యాన్నం పండుకున్న పలక యాపక్కకు లేస్తాది సామీ? పడమటికి. తూర్పుకు లేసిందంటే అది మద్యాన్నం గాదు."

లాయరు కాగితం తిరగేశాడు. జడ్జి ప్లాంటు రికార్డు తెప్పించమన్నాడు. ఆ రోజు ఎనిమిదికి ముందు గాలికి పలకలు పడుకున్నాయి, ఎనిమిదిన్నర దాటాక తూర్పుకు లేచాయి. కంప్యూటరుకూ తిప్పమ్మకూ మాట కలిసింది. సాక్షి విశ్వసనీయత అని మనం పెద్ద మాటలు అంటాం కానీ, అది మనిషి మంచితనంలో ఉండదు. చూసిన దాన్ని ఎంత వివరంగా చూసిందన్న దానిలో ఉంటుంది.

సవిత విడుదలైంది. తిన్నగా కంచె దగ్గరికే వచ్చింది. "మూడేండ్లు పోయినాయి వదినా" అంది. తిప్పమ్మ తల వంచుకోలేదు, క్షమించమనీ అడగలేదు. "నా నోటితోనే పోయినాయి. నా నోటితోనే వచ్చినావు" అని సద్ది మూట విప్పి సగం పెట్టింది. సవిత కూర్చొని తింది.

వారానికి దొడ్డన్న మళ్లీ వచ్చాడు. ఈసారి గడప దాటాడు.

"అది గాకుంటే ఇంగెవరు చంపినారు వాణ్ణి?"

"తెల్దు అన్నా."

"తెల్దంటే ఎట్ల? వాడు నీ తమ్ముడు గాదా?"

"తమ్ముడే. తెల్దు అనాల్సిన కాడ ఒగసారి తెల్సు అనేసినా. దానికే ఆ యమ్మి మూడేండ్లు లోపలుండె. పోలీసులను ఎతకమని అర్జీ రాయించు, నేనూ ఏలిముద్ర ఏస్తా. పేరు మాత్రం నన్నడగొద్దు."