గరాజ్‌లో సీసం కుండ

మా బాబు రక్తంలో సీసం ఉందని నర్సు ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. వాడు పడుకున్నాక వంటగదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. మొదటినుంచీ చెప్పాలంటే మా ఇంటి యజమానికి సీసం కరిగించే కుండ ఎంచుకోవడం దగ్గర మొదలుపెట్టాలి.

మేం కెనడాలోని సస్కటూన్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. మా ఆయన కాలేజీలో డిప్లొమా చేస్తున్నాడు. సాయంత్రాలు వేర్‌హౌస్‌లో పని. నాకు వర్క్ పర్మిట్ ఉంది కానీ, బాబును చూసుకునేవాళ్లు లేక ఇంట్లోనే ఉన్నాను. మేం దిగిన ఏడాది ఊళ్లో ఎక్కడ చూసినా కొత్తగా వచ్చిన విద్యార్థులే. ఒక్కో గదిలో నలుగురైదుగురు పరుపులు వేసుకుని సర్దుకుంటున్నారు. అద్దెకిచ్చేవాళ్లకు అలాంటి కుర్రాళ్లే కావాలి. పసిబిడ్డ ఉన్నాడనగానే "మళ్లీ చెబుతాం" అని ఫోన్ పెట్టేసేవాళ్లు. అలా తిరిగి తిరిగి ఉన్నప్పుడు మాకు ఇల్లిచ్చినవాడు ఈ ఇంటి యజమాని. డెబ్బై దాటిన తెల్లాయన, భార్య పోయింది, పై అంతస్తులో ఒక్కడే ఉంటాడు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మేం ఆయన్ని పెద్దాయన అంటాం.

పెద్దాయన వేటకు వెళతాడు. తుపాకి గుండ్లు కొనడు. పెరట్లో విడిగా ఉన్న గరాజ్‌లో సీసం కరిగించి, అచ్చుల్లో పోసి, తనే చేసుకుంటాడు. ఆ చుట్టుపక్కల ఇది పెద్ద వింత కాదు. మన దగ్గర కొందరు సాయంత్రాలు గాలాలు సర్దుకుని చెరువుకు పోయినట్టే.

ఆయన సీసం కరిగించే కరెంటు కుండ పాడైంది. అడుగున సీసం వదిలే చిన్న తూము ఉంటుంది, అది ఎప్పుడూ కారుతూనే ఉందట. వేడి పెంచి తగ్గించే మీట కూడా బిగుసుకుపోయింది.

"నీది మెకానికల్ ఇంజినీరింగ్ కదా," అన్నాడట మా ఆయనతో. "నాకు ఆ కంప్యూటర్ గోల తెలీదు. మంచి కుండ ఒకటి చూసి చెప్పు. చవకది వద్దు. నేను పోయాక మా తమ్ముడు వాడుకునేలా ఉండాలి."

మా ఆయన అప్పటికి ఎన్ని ఉద్యోగాలకు అప్లై చేశాడో. జవాబు రావడమే గగనం. ఈ దేశం వచ్చాక అతని చదువును గుర్తుపెట్టుకుని ఒక మాట అడిగినవాడు పెద్దాయన ఒక్కడే. అందుకే ఆ పని మీద పరీక్షకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. అన్నం తింటూ కూడా ఫోనులో అవే బొమ్మలు.

"ఇటు చూడు, చవకవాటిల్లో హీటింగ్ కాయిల్ లోపల పెట్టి మూసేస్తారు. కాయిల్ పోతే కుండ మొత్తం పారేయడమే. దీనికి కాయిల్ విడిగా దొరుకుతుంది. మనమే మార్చుకోవచ్చు."

"మనింటికి మిక్సీ కొన్నప్పుడు ఇంత చూడలేదు నువ్వు."

"మిక్సీలో సీసం పొయ్యవుగా."

పక్కింటి బేస్‌మెంట్‌లో ఉండే కరీంనగర్ కుర్రాడొకడు ఉప్పు అప్పుకొచ్చి ఇదంతా విన్నాడు. "ఏందన్నా, డిప్లొమా అయినంక గుండ్ల కార్ఖానా పెడ్తవా? మాకు జాబులియ్యి మరి," అన్నాడు.

"నీకు ఇవ్వను రా. పొద్దున లేవవు నువ్వు."

నవ్వుకున్నాం. నాకు మాత్రం లోపల భయమే. నేను కెమిస్ట్రీ చదివాను. పసిపిల్లల ఒంట్లో సీసం చేరితే ముందు దెబ్బతినేది మెదడేనని తెలుసు. బయటికి ఏమీ కనిపించదనీ తెలుసు. మా ఆయనకు చెప్పాను. కుండ మంచిదైతే చాలదు, గరాజ్ నుంచి వచ్చాక బట్టలు మార్చి, స్నానం చేసి గానీ బాబును ముట్టుకోకూడదు. అతను ఒప్పుకున్నాడు. పెద్దాయనా జాగ్రత్త మనిషే. ఎముకలు కొరికే చలిలో కూడా గరాజ్ తలుపు బార్లా తీసిపెట్టి పోత పోసేవాడు. లోపల కాఫీ కూడా తాగేవాడు కాదు. అయినా నేను రోజూ మెట్లు తడిగుడ్డతో తుడిచేదాన్ని. బాబు పాకే చోటల్లా తుడిచేదాన్ని.

చివరికి ఒక కుండ కుదిరింది. దళసరి స్టీలు పాత్ర, బరువైన పీట, ఇనుప మీట. వేడి చూపించే పెట్టె విడిగా ఉంది. విడిభాగాలు ఎప్పుడైనా దొరుకుతాయి. అది వచ్చిన రోజు పెద్దాయన మా ఆయన భుజం తట్టి, "ఇది నా తర్వాత కూడా ఉంటుంది," అన్నాడు. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి నాకు చెప్పి, తర్వాత వాళ్ల నాన్నకు కూడా ఫోన్ చేసి చెప్పాడు.

ఇక నా గిన్నె సంగతి. బాబు అన్నప్రాశనకు అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె ఒకటి సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. వాడి చారు, పప్పు, మెత్తటి అన్నం అందులోనే వండేదాన్ని. వాడికని తీసిపెట్టిన గిన్నె అది. తోమి తోమి లోపలి కళాయి పోయింది. చారుకు కిలుము వాసన రావడం మొదలైంది. వీడియో కాల్‌లో అమ్మ చూసి కోప్పడింది.

"కళాయి లేని గిన్నెలో పులుపు కాస్తావుటే? పిల్లాడికి విషం. ముందు కళాయి పెట్టించు."

"ఇక్కడ ఎవరు పెడతారమ్మా?"

మా ఆయన పక్కనుంచి విన్నాడు. చిన్నప్పుడు వాళ్ల ఊరి బస్టాండు దగ్గర కళాయి వేసేవాళ్ల ముందు గంటలు గంటలు నిలబడేవాడట. "అందులో ఏముంది అత్తయ్యా," అన్నాడు. "గిన్నె కాల్చాలి, నవసాగరం చల్లాలి, తగరం రాసి దూదితో తిప్పాలి. నేను పెడతాను."

తగరం పెద్దాయన దగ్గర ఉంటుందని అతనికి తెలుసు. గుండ్ల సీసం అచ్చులోకి సాఫీగా పారాలని అందులో కాస్త తగరం కలుపుతారు. ఆ రోజు పెద్దాయన తమ్ముడి పొలంలో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "టిన్నా? అల్మారాలో కాఫీ డబ్బా ఉంది, ఓ కడ్డీ తీసుకో," అన్నాడు. దేనికని ఆయన అడగలేదు. ఇతనూ చెప్పలేదు.

పెరట్లో క్యాంప్ స్టవ్ మీద గిన్నె కాల్చాడు. తెల్లటి పొగ లేచింది. దూదితో ఒక్క తిప్పు తిప్పగానే గిన్నె లోపల వెన్నెల పరుచుకున్నట్టు మెరిసింది. ఎన్నిసార్లు కడిగినా మెరుపు తగ్గలేదు. అమ్మకు చూపిస్తే, "అల్లుడి చేతిలో పనితనముందే," అంది. ఆ చలికాలమంతా బాబుకు వంట అందులోనే. వాడికి చింతపండు చారు ఇష్టం. గిన్నె అడుగున మిగిలింది కూడా చెంచాతో గీకి పెట్టేదాన్ని.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒకసారి లాండ్రీ గది దగ్గర పెద్దాయన ఎదురయ్యాడు. "మీ ఆయన తీసుకెళ్లాడే, ఆ కడ్డీ పనికొచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందన్నాను. "అది పాత సోల్డర్. ఇప్పుడు దొరకదు. మా నాన్న నీళ్ల గొట్టాలు అతకడానికి వాడేవాడు. సగం తగరం, సగం సీసం. నేను ఎటూ సీసంలోనే కలుపుతాను కనుక నాకు అదే తగరం."

ఆయనతో ఏమన్నానో గుర్తులేదు. లోపలికి వచ్చి గిన్నె తీశాను. తెల్ల కాగితం చుట్టచుట్టి గిన్నె లోపల గట్టిగా రుద్దాను. పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు చారలు పడ్డాయి. అలా గీతలు పెట్టేది సీసమే. ఇంకో కాగితం తీసుకుని రుద్దాను. మళ్లీ పడ్డాయి. బాబు నా కాలు పట్టుకుని నిలబడి గిన్నె ఇమ్మని చేయి చాస్తున్నాడు.

మా ఆయన పనినుంచి వచ్చేసరికి ఆ కాగితాలు బల్ల మీదే ఉన్నాయి.

"ఏంటివి?"

"నువ్వు పెట్టిన కళాయి."

చెప్పాను. అతను కుర్చీలో కూర్చోలేదు, నేల మీద కూర్చుండిపోయాడు. "పెద్దాయన తగరమనే అన్నాడు," అన్నాడు.

"ఆయన తప్పేముంది? నువ్వు పిల్లాడి గిన్నెకని చెప్పావా?"

"తగరమంటే తగరమే అనుకున్నానే."

నేను కాగితాలు ఏరి గిన్నెతో పాటు కవర్లో కట్టేశాను. ఇంకొక్క మాట అంటే ఆగనని తెలుసు.

మర్నాడు క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరు గిన్నె సంగతి శ్రద్ధగా విని రక్తపరీక్ష రాసింది. ఆ చిన్న చేతిలో నరం దొరకలేదు. రెండో చేతికి మార్చారు. మా ఆయన వాడిని ఒళ్లో గట్టిగా పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. వాడు ఏడ్చి ఏడ్చి నావైపు చూశాడు, ఎందుకిలా చేయనిస్తున్నావన్నట్టు.

ఫలితం వచ్చే లోపల నేను చదవకూడనివన్నీ చదివాను. నర్సు ఫోన్ చేసి, ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉందంది. మందు ఇవ్వాల్సినంత కాదు, ఇనుము, పాలు బాగా ఇవ్వండి, సీసం తగిలే దారి మూసేయండి, మళ్లీ పరీక్ష చేద్దాం అంది. తర్వాత ఇంటి గురించి అడిగింది. పాత రంగులున్నాయా, సీసంతో పనిచేసేవాళ్లున్నారా అని. మా ఆయన ఎదురుగా నిలబడి చేత్తో వద్దని సైగ చేశాడు. గరాజ్ పేరెత్తితే పెద్దాయనకు ఏం చిక్కొస్తుందో, మమ్మల్ని ఖాళీ చేయమంటే బిడ్డతో ఎక్కడికి పోతామో అని అతని భయం. నాదీ అదే భయం. అయినా అంతా చెప్పేశాను.

ఆ సాయంత్రం మా ఆయన పైకి వెళ్లి పెద్దాయనకు విషయం చెప్పాడు. ఆయన మా మెట్ల దాకా వచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని, కిందికి దిగకుండా అక్కడే నిలబడ్డాడు.

"దేనికని నేను అడగాల్సింది."

"నేను చెప్పాల్సింది," అన్నాడు మా ఆయన.

"గరాజ్‌లో ఇక పోత పొయ్యను. కుండ, అచ్చులు అన్నీ మా తమ్ముడి పొలానికి పంపించేస్తున్నాను. మీరు ఇల్లు వెతుక్కోనక్కర్లేదు."

ఆయన గరాజ్ వల్ల మాకు ఏ హానీ జరగలేదని నాకు తెలుసు. ఉన్న ఒక్క సరదా అది ఆయనకు. అంత అక్కర్లేదండీ అని ఒక్క మాట అంటే మర్యాదగా ఉండేది. మా ఆయన నా వైపు చూశాడు, ఆ మాట నేను అంటానని. నేను అనలేదు. థాంక్స్ అని మాత్రం అన్నాను.

రెండో పరీక్ష ఫలితం ఈ వారం వచ్చింది. సీసం తగ్గిందని చెప్పింది నర్సు. ఇంకా తగ్గుతుందంది. ఆమె గొంతులో సంతోషం విని నేనూ సంతోషించబోయాను. అంతలోనే అడిగాను, ఈ లోపల వాడికేమైనా హాని జరిగిందా అని.

"అది చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు," అంది నెమ్మదిగా. "ఎదుగుతుంటే చూసుకోవాలి."

అప్పటినుంచి చూస్తూనే ఉన్నాను. వాడికింకా మాటలు రాలేదు. వాడి వయసులో చాలామందికి రావని డాక్టరంటుంది. నువ్వూ ఆలస్యంగానే మాట్లాడావని అమ్మంటుంది. మా ఆయన వాడిని ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి బస్సు, కుక్క, చెట్టు అని ఒక్కొక్కటీ చూపించి చెబుతుంటాడు.

ఈ సాయంత్రం వాడు నాకు వీపు పెట్టి కూర్చుని బొమ్మకారు చక్రం తిప్పుకుంటున్నాడు. వెనకనుంచి పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. చక్రం తిప్పుతూనే ఉన్నాడు. మళ్లీ పిలవడానికి ధైర్యం చాలలేదు. లేచి వెళ్లి, వాడికి ఎదురుగా, నేనే కనిపించేలా కూర్చున్నాను.